డ్రాప్ పడలేదు నాయనా

బెంగళూరు కుందలహళ్ళి గేటు దగ్గర ఒక పాత భవనం, రెండో అంతస్తు. సాయంత్రం ఆరు దాటిందంటే ఆ గదిలో మాటలన్నీ తెలుగులోనే. డ్రైవర్లలో ఎక్కువమంది చింతామణి, ముళబాగిలు, బాగేపల్లి, మదనపల్లె వైపు వాళ్ళు. ఏ బండి ఏ రూటుకు వెళ్ళాలో బల్ల దగ్గర కూర్చుని పంచే పెద్దాయనది కూడా చింతామణి పక్కన పల్లె. ఇరవై ఏళ్ళు స్టీరింగు పట్టారు. కుడి మణికట్టు విరిగి రాడ్డు వేశాక బల్ల దగ్గరికి వచ్చారు. నేను ఆయన్ని అన్నా అంటాను, ఆయన నన్ను నాయనా అంటారు.

ఐటీ ఉద్యోగుల్ని ఇంటి దగ్గర ఎక్కించుకుని ఆఫీసుకు తేవడం, షిఫ్టు అయ్యాక మళ్ళీ ఇంటి దగ్గర దింపడం ఆ సంస్థ పని. ఎక్కించుకోవడాన్ని పికప్ అంటారు, దింపడాన్ని డ్రాప్ అంటారు. బండ్ల పంపకానికి వాళ్ళకు వెబ్ పేజీ రాసిచ్చింది నేనే. ఎడమవైపు డ్రైవర్ల కార్డులు, కుడివైపు రూట్ల నిలువు వరుసలు. కార్డును పట్టి లాగి, కావాల్సిన వరుస మీద వదిలితే ఆ బండి ఆ రూటుకు పడుతుంది. ఇలా లాగి వదలడాన్ని డ్రాగ్ అండ్ డ్రాప్ అంటారు, అంటే కార్డును వదలడం కూడా డ్రాపే. తెర మీద చూపించిన రోజు అందరూ బాగుందన్నారు. నాకూ బాగుందనిపించింది.

మూడు వారాలకు, ఒక రాత్రి పదకొండింటికి అన్న ఫోన్ చేశారు. "డ్రాప్ పడలేదు నాయనా" అన్నారు. బండి ఎవరినీ దింపలేదా, కార్డు వరుసలో పడలేదా అన్నది ఒక్క క్షణం నాకు తెలియలేదు. రెండూ జరిగాయి. సర్జాపుర రూటుకు వేయాల్సిన కార్డు పక్కనున్న హోస్కోటె వరుసలో పడింది. ఆయన గమనించలేదు. సర్జాపుర వైపు వెళ్ళాల్సిన నలుగురు, అందులో ముగ్గురు ఆడపిల్లలు, ఆఫీసు గేటు దగ్గర నలభై నిమిషాలు నిలబడ్డారు. మర్నాడు తప్పు అన్న పేరున రాశారు. చేయి సరిగా లేని మనిషిని బల్ల దగ్గర పెడితే ఇంతే అని ఎవరో అన్నారట.

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఎందుకంటే తప్పు నా కోడులో ఉంది. ఆ సంగతి తేల్చుకోవడానికి రెండు సాయంత్రాలు ఆయన పక్కన కూర్చున్నాను.

అన్న వాడే ల్యాప్‌టాప్‌కు మౌసు లేదు, టచ్‌ప్యాడే. కార్డు మీదికి బాణం తెచ్చి, ఎడమచేతి బొటనవేలితో ప్యాడు కింది అంచును నొక్కిపెట్టి, కుడిచేతి చూపుడువేలితో లాగుతారు. ఆ కుడిచెయ్యి మణికట్టు దగ్గర తిరగదు, మోచేతిని మొత్తం జరపాలి. సగం దూరం లాగేసరికి ప్యాడు అయిపోతుంది. చూపుడువేలు ఎత్తి మళ్ళీ మొదటికి తెచ్చుకోవాలి. అంతసేపూ బొటనవేలు మాత్రం వదలకూడదు. సరిగ్గా అప్పుడే బల్ల మీది ఫోను మోగుతుంది. రెండు చేతులూ కట్టేసినట్టే. ఫోను తీస్తే కార్డు మొదటి చోటికి ఎగిరిపోతుంది, తీయకపోతే గేటు దగ్గరున్న డ్రైవరు అరుస్తాడు. "పట్టుకుంటే నిలవదు, వదిలితే పడదు. దీన్ని ఎట్లా తోలాలో నువ్వే చెప్పు నాయనా" అన్నారు అన్న.

రెండో సాయంత్రం అసలు కారణం కళ్ళబడింది. కార్డు సర్జాపుర వరుస మీదికి రాగానే వరుస పచ్చగా మారాలి. మారింది. ఆ వరుసలో అప్పటికే ఉన్న ఇంకో డ్రైవరు కార్డు మీదికి బాణం జరగ్గానే పచ్చరంగు ఆరిపోయింది. ఇక్కడ పడదేమో అనుకుని అన్న కాస్త పక్కకు జరిపారు. పక్క వరుస ఖాళీగా ఉంది కాబట్టి అక్కడ పచ్చరంగు ఆరకుండా నిలిచింది. వేలు అక్కడ వదిలారు. అది హోస్కోటె.

ఇందులో ఆయన చేతి తప్పు ఎక్కడుంది? తెర చెప్పింది, ఆయన విన్నారు.

లోపల ఏం జరిగిందో కొంచెం విప్పి చెప్పాలి. లాగుడు మొదలవగానే కార్డుకు డ్రాగ్‌స్టార్ట్ అనే ఈవెంటు, అంటే బ్రౌజరు మన కోడుకు పంపే కబురు, వస్తుంది. కార్డు దేని పైకి వెళితే దానికి డ్రాగ్‌ఎంటర్, పైన తిరుగుతున్నంతసేపూ డ్రాగ్‌ఓవర్, దాటిపోతే డ్రాగ్‌లీవ్. వదిలితే డ్రాప్, అన్నీ అయ్యాక లాగిన కార్డుకు డ్రాగ్‌ఎండ్. చిక్కంతా డ్రాగ్‌లీవ్ దగ్గర. వరుస దాటి బయటికి పోతేనే అది వస్తుందని మనం అనుకుంటాం. బ్రౌజరు లెక్క వేరు. వరుస లోపల ఉన్న కార్డు మీదికి, ఆ కార్డులోని ఫొటో మీదికి, పేరు మీదికి వెళ్ళినా ముందున్న అంశాన్ని వదిలినట్టే. ఇంట్లోంచి వంటింట్లోకి వెళ్ళిన మనిషి ఊరొదిలి పోయాడని రాసుకున్నట్టు ఉంటుంది. పైగా కొత్త అంశానికి డ్రాగ్‌ఎంటర్ ముందొస్తుంది, పాత అంశానికి డ్రాగ్‌లీవ్ ఆ తర్వాత వస్తుంది. నా కోడు ఎంటర్‌కు రంగు వేసి లీవ్‌కు రంగు తీసేది. అంటే లోపలి కార్డు తగలగానే వేసిన రంగును ఆ వెంటనే తుడిచేసేది. ఎంటర్లనూ లీవ్‌లనూ లెక్కపెట్టి, లెక్క సున్నాకు వచ్చినప్పుడే రంగు తీసేలా మార్చాను. నాలుగు లైన్ల కోడు. ఆ నాలుగు లైన్లు లేకపోవడం వల్ల ఒక మనిషి మీద మాట పడింది.

లాగుడును ప్రోగ్రాము చేసినవాళ్ళలో ఎక్కువమంది మొదటిరోజు ఇంకోచోట పడతారు. డ్రాప్‌కు ఫంక్షన్ రాస్తారు, అది ఎన్నిసార్లు వదిలినా నడవదు. రాత గడుల్లాంటివి తప్ప పేజీలో మరే చోటూ తనంతట తాను వస్తువును పడనివ్వదు. పడనివ్వకపోవడమే బ్రౌజరు స్వభావం. ఆ స్వభావాన్ని డ్రాగ్‌ఓవర్‌లో ప్రివెంట్‌డీఫాల్ట్ పిలిచి ఆపాలి. అదీ ఒక్కసారి చాలదు. కార్డు పైన ఉన్నంతసేపూ డ్రాగ్‌ఓవర్ వస్తూనే ఉంటుంది, బ్రౌజర్లు పాటించే ప్రమాణంలో దాని లయ సుమారు 350 మిల్లీసెకన్లకు ఒకసారి. వచ్చిన ప్రతిసారీ ఆపాలి. డ్రాప్ పిలవని పేరంటానికి రాదు, పిలిచేవాళ్ళు కూడా గుమ్మం దగ్గరే నిలబడి పిలుస్తూ ఉండాలి. పిలవకపోతే వదిలిన క్షణాన డ్రాప్ బదులు డ్రాగ్‌లీవ్ వస్తుంది, అంతే. ఎక్కడా ఎర్రటి ఎర్రర్ కనబడదు. డ్రాగ్‌స్టార్ట్‌లో, ఏ పనికి అనుమతి ఉందో చెప్పే ఎఫెక్ట్‌అలౌడ్‌ను కాపీ అని పెట్టి, డ్రాగ్‌ఓవర్‌లో, ఏ పని జరగాలో చెప్పే డ్రాప్‌ఎఫెక్ట్‌ను మూవ్ అని పెట్టినా ఇదే మౌనం. ఈ రెండో దాని కోసం నేను ఒక పూట మొత్తం వెతికాను.

ఈ పద్ధతి ఇలా ఉండటానికి చరిత్ర ఉంది. 1999లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5లో మైక్రోసాఫ్ట్ దీన్ని తెచ్చింది. తర్వాత ఇయాన్ హిక్సన్ వెబ్ పేజీల భాష అయిన హెచ్‌టీఎంఎల్5 ప్రమాణాన్ని రాసేటప్పుడు, అప్పటికే బ్రౌజర్లలో నడుస్తున్న ఆ తీరునే పరిశీలించి అక్షరాల్లో పెట్టారు. బల్ల మీద కంప్యూటరు, చేతికింద మౌసు ఉన్న మనిషిని దృష్టిలో పెట్టుకుని పుట్టిన పద్ధతి అది. టచ్‌ఫోన్ల కాలం ఇంకా రాలేదు, అది ఆ తర్వాతి మాట.

అందులో నాకు గౌరవం కలిగించిన భాగం కూడా ఒకటుంది. లాగుతున్న వస్తువుతోపాటు వెళ్ళే సమాచారాన్ని డేటాట్రాన్స్‌ఫర్ అంటారు. డ్రాగ్‌స్టార్ట్‌లో అందులో రాయొచ్చు, డ్రాప్‌లో చదవొచ్చు. మధ్యలో ఏ ఈవెంటులోనూ లోపలిది కనిపించదు, అందులో ఏ రకం సరుకు ఉందో మాత్రమే తెలుస్తుంది. సీలు వేసిన పార్సిలు మీద చీటీ చదవగలం, విప్పలేం. మనం ఒక ఫైలును ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి లాగుతుంటే దారిలో అడ్డొచ్చిన ఏదో వెబ్ పేజీ దాన్ని చదివేయకూడదు కదా. వదిలిన చోటే ఇచ్చిన చోటు. డ్రాగ్‌ఓవర్‌లో, ఆ సమాచారాన్ని చదివే గెట్‌డేటా ఖాళీగా వస్తోందని విసుక్కునేవాళ్ళు ఈ కారణం తెలిస్తే విసుగు మానేస్తారు. నేను మానేశాను.

సరే, రంగు సరిచేశాను. వదలగానే ఏ రూటుకు పడిందో పెద్ద అక్షరాల్లో కనిపించేలా చేశాను. రూటు వరుసల మధ్య ఖాళీ పెంచాను. ఈవెంట్లన్నీ చెప్పినట్టు వింటున్నాయి. అయినా మూడో సాయంత్రం వెళ్ళి చూస్తే అన్న బొటనవేలు అదే అంచు మీద నొక్కుకుపోయి, గోరు తెల్లబడి ఉంది. ఒక్కో షిఫ్టుకు అరవై డెబ్బై కార్డులు. అప్పుడు నాకు తట్టింది, నేను సరిచేయాల్సింది ఈవెంట్లను మాత్రమే కాదని. లాగడాన్ని ఏకైక దారిగా పెట్టడమే మొదటి తప్పు. నొక్కితే జరిగే పనిగా ముందు కట్టాలి. లాగుడును ఆ పైన, కావాల్సినవాళ్ళ కోసం చేర్చాలి. ఈ వరస తలకిందులైతే ఎంత చక్కటి కోడు రాసినా కొందరి చేతులకు ఆ పేజీ మూసిన తలుపే.

ఆదివారం మారతహళ్ళిలో ఆంధ్ర మెస్సులో తింటూ ఈ మాట అన్నాను. మా బ్యాచ్‌వాడు ఒకడు పప్పన్నం కలుపుతూ, "ఒక లైబ్రరీ వేసుకుంటే పోయేదానికి ఇంత ఆలోచన ఎందుకురా?" అన్నాడు. వాడు మంచి పనివాడు, వాడి మాటను తేలిగ్గా తీసుకోను. లైబ్రరీలు, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడు, ఈవెంట్ల చిక్కుల్ని చాలావరకు తీరుస్తాయి, కొన్నిటిలో కీబోర్డు దారి కూడా ఉంటుంది. కానీ నొక్కిపట్టి జరపడం అనే పనిని లైబ్రరీ తీసేయదు. ఇంకొకడు, "లాగడం సహజం కదరా, చేత్తో తీసి పెట్టినట్టే" అన్నాడు. నాకూ ఒకప్పుడు అదే నమ్మకం. చేత్తో నిజంగా బరువు మోసే మనిషిని చూడండి. కె.ఆర్. మార్కెట్లో పూలబుట్ట మోసేవాడు మధ్యలో దించుతాడు, చెయ్యి మార్చుకుంటాడు, ఎవరైనా పిలిస్తే ఆగి మాట్లాడి మళ్ళీ ఎత్తుకుంటాడు. మౌసుతో లాగేవాడికి ఆ వెసులుబాటు ఒక్కటీ లేదు. వేలు సడలిన చోటే దించినట్టు లెక్క.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. 1991లోనే స్కాట్ మెకంజీ, అబిగైల్ సెలెన్, విలియం బక్స్‌టన్ అనే పరిశోధకులు మౌసు, స్టైలసు, ట్రాక్‌బాల్ మూడింటితో మనుషుల చేత పని చేయించి కొలిచారు. గురి చూసి నొక్కడం కంటే లాగడం నెమ్మదిగా సాగుతుందనీ, తప్పులు కూడా లాగుడులోనే ఎక్కువనీ తేలింది. ట్రాక్‌బాల్‌తో మరీ ఎక్కువ. అక్కడ బంతిని తిప్పే వేళ్ళూ మీట నొక్కే వేళ్ళూ ఒకదానికొకటి అడ్డం వస్తాయి. టచ్‌ప్యాడు మీద అన్న బొటనవేలు, చూపుడువేలు పడుతున్న పాట్లు చూశాక నాకు అది చదివిన విషయంలా అనిపించలేదు, చూసిన విషయంలా అనిపించింది.

వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూత్రీసీ 2023 అక్టోబరులో విడుదల చేసిన డబ్ల్యూసీఏజీ 2.2లో, అంటే దివ్యాంగులు కూడా వాడగలిగేలా పేజీలు ఎలా ఉండాలో చెప్పే నియమావళిలో, దీనికి సూటిగా ఒక నియమం ఉంది, సంఖ్య 2.5.7, మూడు స్థాయిల్లో మధ్యదైన ఏఏ. లాగడంతో జరిగే ఏ పనైనా లాగకుండా, ఒక్క వేలితోనో మౌసుతోనో నొక్కి కూడా చేయగలగాలి. లాగడమే ఆ పనికి ప్రాణమైతేనో, ఆ లాగుడు మనం మార్చకుండా బ్రౌజరే ఇచ్చిందైతేనో తప్ప మినహాయింపు లేదు. ఇక్కడ చాలామంది ఒకటి పొరబడతారు. బాణం మీటలతో జరిపే వీలు పెట్టాం కాబట్టి సరిపోయిందంటారు. కీబోర్డు నియమం వేరు, అది పాతది, ఇప్పటికీ తప్పనిసరే. ఈ కొత్త నియమం కీబోర్డు వాడనివాళ్ళ కోసం. ఫోనులో కీబోర్డు ఎక్కడిది? అన్న కూడా బాణం మీటల జోలికి వెళ్ళరు.

మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవల్ని అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఆ తీర్పు బ్యాంకుల్లో గుర్తింపు తనిఖీలాంటి వాటి గురించి వచ్చిందే అయినా, తెర ముందు మనిషి ఏ ఒక్క కదలికో చేయలేకపోతే సేవకే దూరం కాకూడదన్న ఆలోచన మన పనికీ వర్తిస్తుందని నేను నమ్ముతాను.

ఫోను సంగతి చెప్పాలి. రాత్రి షిఫ్టు చూసే కుర్రాడు ఒకసారి ల్యాప్‌టాప్ చార్జింగు అయిపోయి పేజీని ఫోనులో తెరిచాడు. కార్డు లాగితే కార్డు కదల్లేదు, పేజీ జారింది. నేను పైన చెప్పిన డ్రాగ్ ఈవెంట్లు చాలా ఏళ్ళు ఫోను బ్రౌజర్లలో రానేలేదు. ఇప్పుడు వచ్చిన చోట కూడా వేలు కాసేపు అదిమి ఉంచితేనే మొదలవుతాయి. ఫోనులో లాగుడు కావాలంటే, వేలికైనా మౌసుకైనా ఒకేలా వచ్చే పాయింటర్ ఈవెంట్లతో సొంతంగా కట్టుకోవాలి. వాటి మొదటి ప్రమాణం 2015లో ఖరారైంది, యాపిల్ బ్రౌజరు సఫారీలోకి 2019లో వచ్చాయి. పాయింటర్‌డౌన్‌తో పట్టు, పాయింటర్‌మూవ్‌తో జరుపు, పాయింటర్‌అప్‌తో వదులు, వినడానికి ఇంతే. వేలు కార్డు అంచు దాటినా ఈవెంట్లు దానికే రావాలంటే సెట్‌పాయింటర్‌క్యాప్చర్ పిలవాలి. బ్రౌజరు దాన్ని స్క్రోలింగు అనుకుని పాయింటర్‌క్యాన్సిల్ పంపేయకుండా టచ్‌యాక్షన్ అనే స్టైల్ గుణాన్ని నన్, అంటే ఏదీ వద్దు, అని పెట్టాలి. అది కార్డు మొత్తానికి పెడితే ఇక ఆ జాబితాను వేలితో జరపడమే కుదరదు. కాబట్టి కార్డు చివర చిన్న పట్టు గుర్తు పెట్టి దానికి మాత్రమే పెట్టాలి. తెర అంచుకు వస్తే జాబితా తనంతట జరగడం కూడా మనమే రాయాలి. ఇంత చేసినా ఆరు అంగుళాల తెర మీద వేలి కింద ఏ వరుస ఉందో వేలే కప్పేస్తుంది.

లాగడం అసలు వద్దని నేను అనడం లేదు. ఒకే జాబితాలో వరస మార్చేటప్పుడు, చేతులు బాగా ఆడేవాళ్ళకు, కంటితో చూసి పైకీ కిందికీ జరపడంలో ఉన్న సుఖం వేరు. డెస్క్‌టాప్ మీది ఫైలును తెచ్చి పేజీలో వదలడం ఇంకా ఉపయోగం. డ్రైవర్ల లైసెన్సు కాపీలు ఎక్కించే పేజీలో నేనే పెట్టాను, పక్కనే "ఫైలు ఎంచుకోండి" మీటతో సహా. అక్కడా ఒక దెబ్బ ఉంది: ఫైలు గడి పక్కన పడితే బ్రౌజరు ఆ ఫైలునే తెరిచేస్తుంది, అప్పటిదాకా నింపిన ఫారం పోతుంది. అందుకే కిటికీ మొత్తానికి డ్రాగ్‌ఓవర్, డ్రాప్ రెండూ ఆపి ఉంచాలి. ఫోల్డరు మొత్తం వదిలితే క్రోములో, ఫోల్డరు లోపలివి చదివే రీడ్‌ఎంట్రీస్ ఒక పిలుపుకు వంద ఫైళ్ళే ఇస్తుంది, ఖాళీ జాబితా వచ్చేదాకా మళ్ళీమళ్ళీ పిలవాలి. నూట ఇరవై లైసెన్సులు వదిలి వందే ఎక్కితే ఆ మిగతా ఇరవై మంది కాగితాలు ఎక్కడ పోయాయో ఎవరికీ తెలియదు.

పంపకం పేజీని మళ్ళీ రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. మొదట ఒకే ఒక్క ఫంక్షన్ రాశాను. డ్రైవరు సంఖ్య, రూటు సంఖ్య ఇస్తే బండిని ఆ రూటుకు వేస్తుంది. డ్రాప్ ఆ ఫంక్షన్‌నే పిలుస్తుంది, మీట నొక్కినా అదే, ఎంటర్ కొట్టినా అదే. మూడు దారులకు మూడు రకాల కోడు రాస్తే ఏదో ఒకటి ఎప్పుడో పాడవుతుంది, ఆ పాడయ్యేది ఎప్పుడూ తక్కువమంది వాడేదే అవుతుంది. ఇప్పుడు కార్డును ఒకసారి నొక్కితే చుట్టూ మందపాటి గీత వస్తుంది, కార్డు ఎత్తినట్టు. ప్రతి రూటు తల మీదా "ఇక్కడ వేయి" అని మీట కనిపిస్తుంది. దాన్ని నొక్కితే బండి పడుతుంది. పడగానే కింద ఒక వాక్యం వస్తుంది, ఏ బండి ఏ రూటుకు పడిందో చెబుతూ, పక్కనే "వెనక్కి తీసుకో". ఆ వాక్యం ఏరియా లైవ్ అనే గుణం ఉన్న గడిలో ఉంది (ఏరియా అంటే ARIA, తెర చదివే సాఫ్ట్‌వేరుకు పేజీని వివరించే గుణాల ప్రమాణం) కాబట్టి తెర చదివే సాఫ్ట్‌వేరు వాడేవాళ్ళకు వినిపిస్తుంది కూడా. ఏరియా గ్రాబ్డ్ అనే పాత గుణం వాడమని కొన్నిచోట్ల ఇంకా రాసి ఉంటుంది. 2017లో వచ్చిన ఏరియా 1.1 దాన్ని వదిలేయమంది, నేనూ వాడలేదు.

మార్చిన మొదటి సాయంత్రం అన్న ఒక కార్డు నొక్కారు. ఫోను మోగింది. తీసి, గేటు దగ్గరున్న డ్రైవరుతో రెండు నిమిషాలు మాట్లాడి, పెట్టేసి తెర వైపు చూశారు. కార్డు ఎత్తినది ఎత్తినట్టే ఉంది. సర్జాపుర మీద మీట నొక్కారు. "ఇది నిలిచింది నాయనా" అన్నారు. రాత్రి కుర్రాడు మాత్రం ఇప్పటికీ లాగే పంచుతాడు, వాడికి అదే వేగం.

ఆ రాత్రి కార్డు పక్క వరుసలో ఎందుకు పడిందో, రంగు ఎలా ఆరిపోయిందో అడుగడుగునా రాసి, బొమ్మలు పెట్టి, ఆ సంస్థకు మెయిలు పంపాను. తప్పు నాదని రాశాను. అన్న పేరున రాసిన మాట కొట్టేశారో లేదో నాకు ఇంకా జవాబు రాలేదు. వచ్చేదాకా అడుగుతాను.

అన్న ఇంకో కోరిక కోరారు. తొంభై కార్డుల్లో కావాల్సిన డ్రైవరును వెతకడానికి కళ్ళు లాగుతున్నాయట. "బండి నంబరు చివరి నాలుగంకెలు కొడితే వచ్చేయాల" అన్నారు. అన్ని నంబర్లు గుర్తుంటాయా అన్నా అని అడిగితే, కిటికీలోంచి కింద నిలిచిన బండ్లకేసి చూడకుండానే, వరుసగా పద్దెనిమిది బండ్ల నంబర్లు, వాటి డ్రైవర్ల ఊళ్ళతో సహా చెప్పారు. ఈ వారం ఆ గడి పెడుతున్నాను.